ఇసుర్రాయి కింద ఎవరి పేరు

ఆదివారం, రాత్రి అన్నాలయ్యాక

నేను మల్లమ్మను. డెబ్బై ఆరేళ్లు. భూపాలపల్లిలో కొడుకు, కోడలి దగ్గర ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు సరిత రాస్తోంది.

ఊళ్లు విడిచి బొగ్గుబాయి పనికి వచ్చినవాళ్ల సామాన్లతో జనగామ అమ్మాయి ఒకామె ఇక్కడ ప్రదర్శన పెట్టింది. పాత పెట్టెలు, బొంతలు, చెంబులు తాళ్లతో పైనుంచి వేలాడదీసింది. నడుమ నేలమీద మా ఇంటి నుంచి అడిగి తీసుకెళ్లిన నా ఇసుర్రాయి. ఇవాళ చూడబోతే, కింద చీటీ మీద చనిపోయిన నా భర్త పేరు ఉందని సరిత చదివింది. ఆ అమ్మాయిని పిలిచి అడిగాను.

"గిదేంది బిడ్డా? నర్సింహులపేట నుంచి దీన్ని నెత్తిన మోసింది నేను. మీ తాత రేడియో మోసిండు."

"ఇంటి పెద్ద పేరు పెట్టిన అవ్వా."

"గా పెద్దాయన ఒక్కనాడన్న పప్పు ఇసిరిండా?"

ఆమె నవ్వి చీటీ మార్చింది. నమ్మకం కుదరక ముగ్గురితో చదివించాను. ముగ్గురూ మల్లమ్మ అనే అన్నారు. గెలిచానే గానీ, మనసు ఎటో పోయింది.

క్వార్టర్‌లో దిగిన కొత్తలో నన్ను పలకరించే దిక్కు లేదు. ఒక పొద్దున గూడూరు లచ్చక్క చాటలో కందులతో వచ్చి, "చెల్లె, జర ఇసురుకోనా?" అంది. ఆనాటి నుంచి ఇద్దరం ఒకే పిడి పట్టి తిప్పాం. ఇప్పుడు లచ్చక్క లేదు, ఆమెను తలిచేవాళ్లూ లేరు.

"ఇంకేమన్న తప్పున్నదా అవ్వా?" అని ఆ అమ్మాయి అడిగింది.

"ఉన్నది. నా పక్కన లచ్చక్క పేరు పెట్టు."

ఇదంతా నా మాటేనని వేలిముద్ర వేశాను. చూసినవాళ్లు: కోడలు సరిత, పక్కింటి యాకమ్మ.