కూత సాగేటప్పుడు

గోరంట్ల,
14-2-1999.

చిరంజీవి సురేంద్రకు నాయన దీవెనలు. ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. వేరుశనగ ఎండిపోయింది, బోరులో నీళ్ళు అడుగంటాయి. ఈ రెండూ ఏటా రాసేవే కాబట్టి వాటినీ క్షేమంలోనే కలుపుకో. షోలాపూర్‌లో కోడలూ పాపా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు అలాగే ఉంది. కూర్చోమంటే వినదు. నా కళ్ళు బాగున్నాయి. రోజుకు వంద పేజీలు చదువుతున్నాను. చదివేకొద్దీ మనుషుల మీద గౌరవం తగ్గుతోంది. ఇక, "ఈ వయసులో కాలేజీ ఆటలకు పోయి ఎదుటి పిల్లోళ్ళ మీద గోల చేస్తాండావంట, నిజమా నాయనా?" అన్నావు. నిజమే. తిప్పేష్ చెప్పి ఉంటాడు. నీతో కలిసి కబడ్డీ ఆడినవాడు ఇప్పుడు మన కాలేజీలోనే ఆటల మాస్టరు. వాడి కడుపులో ఏ మాటా నిలవదు.

పాప అడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది. "ఆ ఫైనల్లో నీ కూత నిజంగా తెగిందా?" అని పాప అడిగితే, "ఆ గోలలో నా కూత నాకే వినబడలేదమ్మా. మీ తాత విన్నాడు, తెగలేదని చెప్పినాడు. ఆయన్నే అడుగుదాం" అన్నావట. ఆ వాక్యం దగ్గర నాలుగు రోజులు ఆగిపోయాను. దానికి చివర్లో జవాబు రాస్తాను.

ముందు గోల సంగతి. ముప్పై ఏళ్ళు కాలేజీ లైబ్రరీలో నిశ్శబ్దానికి కాపలా కాసినవాడికి సాయంత్రం మైదానంలో అరిచే హక్కు ఉందని నా నమ్మకం. అయితే దానికీ ఒక పద్ధతి ఉంది. నా దగ్గర పుస్తకాలు తీసుకున్న పిల్లలందరికీ అది చెప్పాను. ఎదుటి ఆటగాడు గీత దాటేదాకా వాడి జుట్టును, నడకను, నిక్కరును ఏమైనా అనవచ్చు. వాడి తల్లిని, కులాన్ని అనకూడదు. కింద పడ్డవాణ్ణి చూసి నవ్వకూడదు. కూత మొదలైందంటే మాత్రం నోళ్ళు మూసుకోవాలి. కబడ్డీ ఆడేవాడికి ఆయుధం వాడి ఊపిరి ఒక్కటే. ఒకే ఊపిరిలో సాగాల్సిన ఆ కూత తెగిందో లేదో రెఫరీ చెవితో తేల్చాలి. అప్పుడు ఊళ పెట్టడమంటే తూకం వేసేటప్పుడు తక్కెడ మీద చెయ్యి పెట్టడమే.

ఎనభై అయిదు ఫైనల్లో బదరీనారాయణ చేసింది అదే. హిందూపురంలో బట్టల అంగడి, అక్కడి కాలేజీ కమిటీకి అధ్యక్షుడు. నువ్వు ఇద్దర్ని తాకి నడిగీత వైపు తిరిగావు. ఆ క్షణంలో వాడు కుర్చీలోంచి లేచి చెయ్యి ఊపాడు. మూడు వందల మంది పిల్లలు ఒక్కసారిగా ఊళ పెట్టారు. రెఫరీ విజిల్ వేసి, కూత తెగింది, అవుట్ అన్నాడు. యూనివర్సిటీ జట్టుకు ఎంపిక చేసేవాళ్ళు కాగితాలు మడిచి లేచిపోయారు. ఆ జట్టులో చేరి ఉంటే ఆటల కోటాలో నీకు రైల్వే ఉద్యోగం వచ్చేది. ఇప్పుడు లారీ ఆఫీసులో రసీదులు రాస్తున్నావు.

ఆ రోజు నేను వాడి దగ్గరికి పోయి, "యాడ తెగిందప్పా కూత?" అని అడిగాను. అందరి ముందూ నవ్వి, "పుస్తకాల్లో చూసుకో పో, కొండప్పా" అన్నాడు. ఆ నవ్వును పద్నాలుగేళ్ళు దాచుకున్నాను.

ఈ ఏడు వాడి మనవడు సుమంత్ ఆ కాలేజీ జట్టులో ఆడుతున్నాడు. సెమీఫైనల్లో నేను గీత పక్కనే కూర్చుని వాడి పక్కటెముకలు చూశాను. ఒకే కూతలో అవి రెండుసార్లు లేచాయి. నడుమ ఊపిరి తీసుకున్నాడన్నమాట. రెఫరీకి ఎలా తెలుస్తుంది? వాడు కూతకు పోగానే వాళ్ళ పిల్లలే "సుమంత్! సుమంత్!" అని ఆకాశం అదిరేలా అరుస్తారు. తాత నిన్ను గోలతో ముంచాడు, మనవణ్ణి గోలతో కాపాడుతున్నాడు.

ఫైనలు మన మైదానంలో. ముఖ్య అతిథి బదరీనారాయణే. అతిథులకు ప్రసంగాలు రాసిపెట్టే పని ఇప్పటికీ నాదే. రాశాను. విద్యార్థులకు క్రమశిక్షణ అలంకారమని, ఇరుపక్షాలలో ఎవరు కూతకు వెళ్ళినా ప్రేక్షకులు పూర్తి నిశ్శబ్దం పాటించాలని, తన కాలేజీ పిల్లలే అందుకు ఆదర్శంగా నిలవాలని రాశాను. తిప్పేష్ ఆ కాగితం చేతికిస్తే, "ఎవరప్పా ఇది రాసింది? బలే రాసినాడే!" అన్నాడట. తిప్పేష్ నవ్వు ఆపుకొని, "మా లైబ్రరీలోంచే వచ్చింది సార్" అన్నాడట. బదరీనారాయణ మైకు పట్టుకుని దాన్ని రెండుసార్లు చదివాడు. తన గొంతంటే వాడికి అంత ఇష్టం.

చివరి నిమిషంలో సుమంత్ కూతకు లేచాడు. వాడు గీత దాటేదాకా మన పిల్లలు పద్ధతి ప్రకారమే వాణ్ణి ఆటపట్టించారు. "ఏమప్పా, మీ తాత అంగట్లో నిక్కరుకు గుడ్డ చాల్లేదా?" అన్నాడొకడు. అందులో నా గొంతూ కలిసింది. వాడు గీత దాటాడు. నేను లేచి, లైబ్రరీలో ఎత్తినట్టు ఒక్క వేలు ఎత్తాను. మైదానం మూగబోయింది. వాళ్ళ పిల్లలు అరవబోయి, వేదిక మీద అధ్యక్షుణ్ణి చూసి నోళ్ళు మూసుకున్నారు. మైకు రొద, వాడి కూత, అంతే. కూత సన్నబడింది. ఆగింది. మళ్ళీ మొదలైంది. విజిల్ పడింది.

"యాడ తెగిందయ్యా!" అని బదరీనారాయణ అరిచాడు. ముందున్న మైకు ఆ మాటను ఊరంతటికీ వినిపించింది.

"అందరూ విన్నారు సార్" అన్నాడు రెఫరీ.

నేను వేదిక ముందుకు పోయాను. "పద్నాలుగేళ్ళ కిందట నేను అడిగిందీ ఈ మాటే కదా, బదరన్నా" అన్నాను.

వాడు కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు. "రాసింది నువ్వా?"

"పుస్తకాల్లో చూసి రాసినాను. చదివింది మాత్రం నువ్వే."

సురేంద్రా, ఆ ముఖం చూడడానికే ఇన్నాళ్ళు బతికాననిపించింది. మీ అమ్మతో చెబితే, "పసిపిల్లోని మీదా నీ పగ? సిగ్గు లేదా?" అంది. లేదు అన్నాను. అప్పటికి నిజంగానే లేదు.

కాని ఆ మైదానంలోనే ఇంకొకటి జరిగింది, దాన్ని ఆమెతో కూడా చెప్పలేదు. బదరీనారాయణ రెఫరీ మీదికి పోతుంటే ఆ పిల్లవాడు అడ్డం వచ్చాడు. "ఉండు తాతా. తెగింది. నాకే వినబడింది" అన్నాడు. తర్వాత కుండ దగ్గరికి పోయి చెంబెడు నీళ్ళు తాగి, మొహం కడుక్కుని, తిప్పేష్‌తో ఏదో నవ్వుతూ మాట్లాడాడు. ఓడిపోయినవాడు అంత హాయిగా నీళ్ళు తాగడం నేను చూడలేకపోయాను.

ఇప్పుడు పాప ప్రశ్నకు జవాబు. నేను వినలేదు. గీతకు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. నీ పెదవులు కదలడం చూశాను. ఆ ఊళల్లో నాకూ ఏమీ వినబడలేదు. ఇంటికి వచ్చే బస్సులో నువ్వు తల దించుకుని, "నాయనా, తెగిందా?" అని అడిగితే, "తెగలేదు, నేను విన్నాను" అన్నాను. ఆ తర్వాత అదే మాట అందరితో అన్నాను. అనగా అనగా విన్నట్టే అనిపించసాగింది. నువ్వు ఆ మాట మీదే ఇన్నేళ్ళు నిలబడ్డావని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు.

పాపతో ఉన్నదున్నట్టు చెప్పు. నీ కూత తెగిందో లేదో ఎవరికీ తెలియదు, ఇక తెలియదు. నీ దగ్గర బదరీనారాయణ దొంగిలించింది పాయింటు కాదు. నేను పగ తీర్చుకుందామని పోయి, నీకు దక్కనిదాన్ని వాడి మనవడి చేతిలో పెట్టి వచ్చాను. వాడి కూత వాడికి వినబడింది.

అంతమాత్రాన బదరీనారాయణను క్షమించడం లేదు. నన్ను క్షమించాలో వద్దో నువ్వు చూసుకో.

ఇట్లు,
ఆ రోజు వినకుండానే విన్నానన్న
మీ నాయన,
కొండప్ప