సంతకాల వరసలో నా వెనకున్న మనిషి

శ్రీ రాధాగోవిందులే దిక్కు

కలకత్తా,
వైశాఖం రెండో రోజు, గురువారం.

నా చెల్లెలు ఝిమ్లికి నీ దీది ఆశీస్సులు. మిష్టు బుగ్గలకు ముద్దులు. గోవిందుడి దయవల్ల నా ఒంట్లో బాగానే ఉంది. మీ తల్లీకూతుళ్ళు నిన్న సంవత్సరాది నాడు కొత్త బట్ట కట్టుకుని, కడుపునిండా తిన్నారనుకుంటున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో రాదు. మాధురి మాసి చేతికిచ్చి పంపుతాను. కీర్తనలు పాడుకుంటూ ఊరూరా తిరిగే మనిషి కనుక ఆమెను ఎవరూ పట్టించుకోరు. నీ ఊరి పేరు ఇందులో ఎక్కడా రాయను. చదివాక పొయ్యిలో పడెయ్యి.

నువ్వు అడిగినట్టే నిన్న కాలేజ్ స్ట్రీట్‌కి వెళ్ళాను. పెళ్ళికాక ముందు నుంచీ ఏటా నువ్వు వెళ్ళే చోటు. ఈసారి నా బదులు నువ్వెళ్ళి చారుశీలాదేవి కొత్త నవల మీద సంతకం చేయించుకురా దీదీ అన్నావు. అక్కణ్ణించి తిన్నగా పోస్టాఫీసుకి వెళ్ళి నీకు పంపేద్దామనుకున్నాను.

పొద్దుటికే ఎండ మాడ్చేస్తోంది. దత్తబాబు పుస్తకాల కొట్టుకి మావిడాకులు కట్టారు. వచ్చినవాళ్ళకల్లా ఒక కొబ్బరిబొండం, ఒక సందేశ్ మిఠాయి. సంతకాల వరస మెట్లు దిగి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల దాకా వచ్చింది. నీకు నవల, మిష్టుకి బొమ్మల కథలు కొని నేనూ నిలబడ్డాను. నా ముందు ఒక లావుపాటి ఆవిడ చేతినిండా పుస్తకాలతో ఉంది. కొట్టంతా మీరే మోసుకుపోతే మిగతావాళ్ళేం చదువుకుంటారు వదినగారూ అన్నాడు దత్తబాబు. మీరిచ్చే మిఠాయి సైజు చూశాక పుస్తకాలతోనే కడుపు నింపుకోవాలి బాబూ అందావిడ. అందరం నవ్వాం. నా వెనకున్న మనిషి కూడా నవ్వాడు.

ముప్ఫయ్యేళ్ళవాడు, తెల్లటి లాల్చీ, నెమ్మదైన మాట. ఎండలో నిలబడకండి దీదీ, ఇలా నా నీడలోకి రండి అన్నాడు. బొండానికి గొట్టం తెచ్చిచ్చాడు. మంచి పిల్లాడనుకుని మనసులో దీవించాను కూడా.

కాసేపయ్యాక, ఝిమ్లి రాలేదేం దీదీ, ఏటా ఈ రోజు మానదు కదా అన్నాడు.

బయట నువ్వు మధుశ్రీవి. స్కూల్లో, బ్యాంకులో, వీధిలో అందరికీ మధుశ్రీవే. ఝిమ్లి అన్నది ఇంటి పిలుపు. అది మన ఇంట్లోనూ, నీ అత్తవారింట్లోనూ తప్ప మరెవరి నోటా రాదు. ఇతన్ని మన ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. ఇక మిగిలింది ఒకటే ఇల్లు.

ఎవరు నాయనా నువ్వు అని అడిగాను. చారుశీలాదేవి పుస్తకాలంటే నాకు పిచ్చి దీదీ, అంతే అన్నాడు. సంచీ బరువుగా ఉన్నట్టుంది, ఇటివ్వండి అన్నాడు. ఇందులో నా జపమాల ఉంది, ఇంకొకరు ముట్టుకోకూడదు అని సంచీని గుండెలకి హత్తుకున్నాను.

రణజయ్ మన గుమ్మంలో నిలబడి అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. మీ చెల్లెలు ఎక్కడ దొరికితే అక్కడే పాతేసి పిల్లని తెచ్చుకుంటాను అన్నాడు. నీ మొగుడు ఊరికే బెదిరించే మనిషి కాదని నీ ఎడమ చెయ్యికి తెలుసు. వరస వదిలి వెళ్ళిపోదామా అనుకున్నాను. వెళితే ఈ మనిషి వెంట వస్తాడు. పోస్టాఫీసు దాకా వస్తాడు, మా ఇంటి దాకా వస్తాడు, ఏదో ఒక రోజు నీ గుమ్మం దాకా వస్తాడు. అందుకే వరసలోనే నిలబడ్డాను.

చారుశీలాదేవి వట్టి సంతకం పెట్టదని నీకు తెలుసు. ఇంట్లో పిలిచే పేరు అడుగుతుంది, ఇల్లెక్కడో అడుగుతుంది, ఫలానా ఊళ్ళో ఉన్న ఫలానా పిల్లకి అని రాసి ఇస్తుంది. రాసేది పైకి చదువుకుంటూ రాస్తుంది. ఎవరికి తల్లీ అంది. ఝిమ్లికి అన్నాను. ఏ ఊళ్ళో ఉంటుందీ, కాస్త గట్టిగా చెప్పు, ఇవి చెవులు కావు, గుమ్మడికాయలు అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతను ఒకడుగు ముందుకు వేశాడు. అతని ఊపిరి నా మెడకి తగిలింది.

నేను చెప్పాను. ఊరూ చెప్పాను, వీధీ చెప్పాను. ఆమెకి వినబడేంత గట్టిగానే చెప్పాను. ఆమె ఒక్కొక్క మాటే పైకి చదువుతూ రాసింది. లోపల గోవిందనామం తప్ప ఇంకేమీ లేదు.

పుస్తకాలు తీసుకుని పక్కకి జరిగాను. అతని వంతు వచ్చింది. మీ పుస్తకమేదండీ అన్నాడు దత్తబాబు. అతని చేతిలో పుస్తకమే లేదు. కొనడం మరిచిపోయాను, మళ్ళీ వస్తాను అని ఫోను చెవి దగ్గర పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. దిగుతూ, వస్తాను దీదీ అని నాకు దణ్ణం పెట్టాడు.

ఇప్పుడు రణజయ్ చేతిలో ఒక ఊరి పేరు ఉంది. నన్ను తిట్టుకుంటావేమో, అయినా ఈ ఉత్తరం చివరిదాకా చదువు. చదవగానే బయలుదేరు. నీతో పనిచేసే ఆ టీచరమ్మ తన అన్నగారింటికి వెళ్ళమని ఎన్నాళ్ళ నుంచో అంటోంది కదా, అక్కడికి వెళ్ళు. జీతం అందాక చూద్దాం, పిల్ల పరీక్షలయ్యాక చూద్దాం అనకు. మంచాలూ గిన్నెలూ ఉన్నచోటే ఉండనీ. పక్కింటివాళ్ళకి మాత్రం డాక్టరు దగ్గరికి వెళుతున్నానని చెప్పు. నాకు ఫోను చెయ్యకు, ఉత్తరం రాయకు. అక్కడ కుదురుకున్నాక టీచరమ్మ ద్వారా ఒక్క మాట పంపు, చాలు.

భయపడకు అని రాయలేను. నాకే భయంగా ఉంది. గోవిందుడు మీ ఇద్దరికీ తోడుండుగాక.

నీ మేలు కోరే
నిరుపమ దీది

తా.క. శనివారం మధ్యాహ్నం.

ఝిమ్లీ, పైన ఒక్క సంగతి దాచాను. అబద్ధమాడానని రాయడానికి చెయ్యి రాలేదు. చారుశీలాదేవికి నేను చెప్పింది నీ ఊరు కాదు. నవద్వీపం అన్నాను. మన మేనత్త పోయినప్పటి నుంచి తాళం పడి ఉన్న గది ఉందే, ఆ వీధి పేరు చెప్పాను. ఇక్కడ ఎవరూ లేకపోతే వాళ్ళు గంటలో తిరిగిపోయి మళ్ళీ వెతుకుతారు. అందుకని నిన్న పొద్దున్నే నేనే ఇక్కడికి వచ్చి తాళం తీసి పొయ్యి వెలిగించాను. మా చెల్లెలు జ్వరంతో లోపల పడుకుంది అని చుట్టుపక్కలవాళ్ళకి చెప్పాను. పుణ్యక్షేత్రంలో కూర్చుని ఇన్ని అబద్ధాలాడుతున్నాను. ఆ లెక్క గోవిందుడూ నేనూ తేల్చుకుంటాం.

వాకిట్లో తీగ మీద నీ పాత నీలం చీర, దాని పక్కన ఒక పిల్ల గౌను ఆరేశాను. ఆ లాల్చీ మనిషి నిన్న సాయంత్రం వచ్చి వీధి చివర నిలబడి, చూసి పోయాడు. ఇవాళ ఇద్దరు వచ్చారు. రెండోవాడు రణజయ్. గేటు దగ్గర నిలబడి ఆ గౌనుకేసే చూస్తున్నాడు.

కీర్తనలకని ఈ ఊరొచ్చిన మాసి ఇవాళే నాకు దొరికింది, పెరటి దారిన రేవుకి బయలుదేరుతోంది. సాయంత్రానికి నీ దగ్గరుంటుంది. అప్పటిదాకా వాళ్ళని ఈ వాకిట్లోనే నిలబెట్టాలి. తలుపుకి లోపలి గడియ వేసేశాను. ఈ కాగితం మాసి చేతిలో పెట్టి, కంచాలు చప్పుడు చేస్తూ, మిష్టూ, అన్నానికి రా తల్లీ అని గట్టిగా పిలుస్తాను.