చెల్లెలి పళ్ళు

25 జూన్ 2023, ఆదివారం

అక్షతకు నాలుగు పళ్ళు పీకాలట. పుచ్చినవి కావు, మంచి పళ్ళే. ముందు పళ్ళు లోపలికి పోవాలంటే జాగా కావాలి కాబట్టి పైన రెండు, కింద రెండు తీసేస్తారట. బస్టాండ్ వెనక క్లినిక్‌కి ఆదివారం ఆదివారం హైదరాబాద్ నుంచి వచ్చే దీక్షిత మేడం ఎక్స్‌రే లైటుకు పెట్టి చూపించింది. అమ్మ మొహం తిప్పుకుంది. నేను చూశాను. పక్క నుంచి తీసిన ఎక్స్‌రే. ముక్కు కంటే ముందు పళ్ళే కనిపిస్తున్నాయి.

ఇది ఎవరూ చదవరు కాబట్టి నిజం రాస్తాను. ముందు పళ్ళను చూసి అక్షతకు "తురుంపీట" అని పేరు పెట్టింది నేనే. అప్పుడు అది నాలుగో క్లాసు, నేను ఏడు. గేమ్స్ పీరియడ్‌లో నా ఫ్రెండ్స్ నవ్వాలని అన్నాను. నవ్వారు. వారంలో స్కూలంతా అదే పేరు. ఎవరు మొదలుపెట్టారో అక్షతకు తెలియదు. ఇంటికొచ్చి నా ఒళ్ళోనే పడి ఏడ్చింది. నేను తల నిమిరాను.

ఇప్పుడది ఎనిమిదిలోకి వచ్చింది. నేను టెన్త్ అయిపోయి ఇంటర్‌లో చేరాను. మా స్కూలువాళ్ళు హైవే మీద పెట్టిన అడ్మిషన్ల ఫ్లెక్సీలో నా ఫోటో ఉంది. ర్యాంకు కోసం కాదు, మొహం బాగుందని. ప్రిన్సిపాల్ సారే అన్నాడు.

9 జూలై 2023

పీకుడు అయిపోయింది. పోయిన వారం రెండు, ఇవాళ రెండు. అమ్మ లోపలికి రానన్నది. నేనే పక్కన నిలబడ్డాను. అక్షత నా చెయ్యి పట్టుకుంది. దాని గోళ్ళు దిగిన చోట నాలుగు నెలవంకలు పడ్డాయి.

అరవలేదు. నేనైతే అరిచేదాన్ని.

23 జూలై 2023

బ్రేసెస్ పడ్డాయి. మొక్కజొన్న వద్దు, పల్లీలు వద్దు, చెరుకు అసలే వద్దు. అమ్మ జొన్నరొట్టెను పాలలో నానబెట్టి ముద్ద చేసి పెట్టింది. అది మింగుతుంటే గొంతులో శబ్దం వినిపించింది. దీక్షిత మేడం ఇరవై నెలలు అన్నది. నాన్న లెక్కలో అది అల్లం రెండు పంటలు.

17 డిసెంబర్ 2023

ఇవాళ వైరు టైట్ చేయించుకుని వచ్చాం. టైట్ చేసిన రోజు అన్నం కూడా నమలలేదు. మెత్తటి పప్పు నాలుక మీద పెట్టుకుని మింగుతుంది.

రోడ్డంతా ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లే. ఒక గడ అడిగి తీసుకున్నాను. గడప మీద కూర్చుని దాని ఎదురుగానే తిన్నాను. కావాలనే. పళ్ళతో చీల్చి, నమిలి, చప్పుడు చేసి పీల్చాను. ఎందుకో తెలియదు. క్లినిక్‌లో అందరూ దాన్నే అడుగుతారు, నొప్పి ఉందా, ఎట్ల ఉన్నవ్ అని. నేను ఫైలు పట్టుకుని నిలబడతాను.

అక్షత కాసేపు చూసింది. లోపలికి పోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది.

"పిప్పి కింద ఎయ్యకక్కా, అమ్మ తిడ్తది" అన్నది.

18 ఫిబ్రవరి 2024

వైరు కొస బుగ్గలో గుచ్చుకుంది. రక్తం. నేను నెయిల్ కట్టర్‌తో కత్తిరించాను.

16 మార్చి 2025, ఆదివారం

తీసేశారు.

నర్సు అద్దం ఇచ్చింది. అక్షత వెంటనే నవ్వలేదు. నాలుకతో పళ్ళన్నీ తడిమి చూసుకుంది, ఒక్కొక్కటీ. తర్వాత నవ్వింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. దీక్షిత మేడం కూడా నవ్వింది. నేను ఫోటో తీశాను.

దానికి రిటైనర్ ఇచ్చారు. గాజులాగా, లోపలి నుంచి అవతలికి కనిపించే తొడుగు. పళ్ళు మళ్ళీ పాత చోటికి పోకుండా పట్టి ఉంచుతుందట. తినేటప్పుడు తప్ప తీయొద్దు. చల్లనీళ్ళతోనే కడగాలి, వేడినీళ్ళు తగిలితే వంకర పోతుంది. మేడం ఇవన్నీ నాకే చెప్పింది, పెద్దదాన్ని కదా అని. క్లినిక్ రికార్డులో కూడా నా ఫోన్ నంబరే ఉంది.

ఇంటికొచ్చాక ఫోటో జూమ్ చేసి చూశాను. పక్కన నా సెల్ఫీ పెట్టి చూశాను. డిలీట్ చేశాను. నాది.

27 ఏప్రిల్ 2025

బీదర్‌లో పెళ్ళి. మేనత్త అక్షతను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక గడ్డం పట్టుకుని లైటు వైపు తిప్పి, పదిమందిని పిలిచి చూపించింది. అమ్మతో కన్నడంలో అన్నది, ఇన్నాళ్ళూ పెద్దదే అందగత్తె అనుకున్నాం, చిన్నదాని పక్కన నిలబడితే పెద్దది ఉత్త సాదాగా ఉందే అని. చిన్నగా అన్నాననుకుంది. ఆమెకు చిన్నగా మాట్లాడటం రాదు.

అమ్మ అవుననలేదు. కాదని కూడా అనలేదు. నవ్వింది.

24 మే 2025, శనివారం

ఫ్లెక్సీ మార్చారు.

రెండేళ్ళు ఎండకు ఎండి రంగు పోయినా అక్కడ నేనే ఉన్నాను. బస్సు దిగిన ప్రతిసారీ చూసుకునేదాన్ని. ఇవాళ అక్షత ఉంది. ఆటో అంత పెద్ద నవ్వు. నాన్న దాని కింద నిలబడి ఆటోవాళ్ళతో ఫోటో తీయించుకున్నాడు. "ముంబై పోయే లారోళ్ళు గుడ సూస్తరు నా బిడ్డను" అని దారిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు.

అంతవరకు ఓర్చుకున్నాను. సాయంత్రం వాన పడింది. నాన్నకు టీ ఇచ్చి రమ్మని అమ్మ పంపింది. మార్కెట్ యార్డు పక్కన మా గోదాం. బయట అల్లం బస్తాల మీద కప్పి ఉన్నది నా పాత ఫ్లెక్సీ. స్కూల్లో ఊరికే పడి ఉందని అడిగి తెచ్చుకున్నాడట. నా మొహం పైకే ఉంది. నోటి దగ్గర నీళ్ళు నిలిచాయి. హమాలీ ఒకతను బురద కాలుతో నా చెంప మీద నిలబడి తాడు బిగిస్తున్నాడు.

"మంచి మందం ఉంది బిడ్డా, సుక్క నీరు దిగదు" అన్నాడు నాన్న. సంతోషంగానే అన్నాడు.

1 జూన్ 2025, ఉదయం 9

అక్షత టిఫిన్ తిని స్నానానికి పోయింది. రిటైనర్ డబ్బా కిటికీలో ఉంది. స్టవ్ మీద టీకి పెట్టిన నీళ్ళు మరుగుతున్నాయి. అమ్మ పెరట్లో ఉంది.

డబ్బాలోనే పోశాను. ఏమీ కాలేదనిపించింది. నీళ్ళు పారబోసి చూస్తే ఒక పక్క కొంచెం లోపలికి ముడుచుకుంది, గోరంత. చూసేవాళ్ళకు తెలియదు. మూత పెట్టి మళ్ళీ కిటికీలో పెట్టాను.

ఒక నిమిషం కూడా పట్టలేదు.

అదే రోజు, మధ్యాహ్నం 2

పొద్దున వేసుకోలేదు, అన్నం తిన్నాక వేసుకోబోయింది. నా దగ్గరికి వచ్చింది. "అక్కా, సరిగ్గ కూసుంటలేదు. జర సూడు" అన్నది.

చూశాను. బొటనవేలితో గట్టిగా నొక్కాను. టక్కుమని కూర్చుంది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నొప్పి ఉంటేనే పని చేస్తున్నట్టు. బ్రేసెస్ అప్పుడు లేకుండెనా?" అన్నాను.

తల ఊపింది. అక్కడే నిలబడి ఉంది. నేను ఫోన్ చూసుకున్నాను.

10 జూన్ 2025

మళ్ళీ వచ్చింది. "ఇంక గట్లనే ఉందక్కా. తీసెయ్యాల్నా?" అని అడిగింది.

వద్దన్నాను.

22 జూన్ 2025

చెకప్‌కి రమ్మని క్లినిక్ నుంచి మెసేజ్. డిలీట్ చేశాను.

13 జూలై 2025

తినడం తగ్గించింది. తినాలంటే తీయాలి, తీస్తే మళ్ళీ పెట్టుకునేటప్పుడు నొప్పి. అమ్మ అడిగింది, ఏమైందే, గట్ల పీనుగ లెక్క అయినవ్ అని. అక్షత నా వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఏం లేదమ్మా" అన్నది.

ఈ రోజుల్లో నేను మంచిగా ఉంటున్నాను దానితో. జడ వేస్తున్నాను. నా కొత్త చున్నీ ఇచ్చాను. ఇవన్నీ చేస్తుంటే ఒక రకమైన సుఖంగా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉంది.

20 జూలై 2025

రెండో మెసేజ్. డిలీట్.

17 ఆగస్టు 2025

పైన ఎడమవైపు ముందు పన్ను తిరిగింది. తలుపు కొంచెం తెరిచి పెట్టినట్టు ఉంది. కింద ఒకటి పక్కదాని మీదికి ఎక్కింది. రోజూ దగ్గర నుంచి చూసేదాన్ని కాబట్టి నాకు తెలుస్తుంది. ఇంకెవరూ గమనించలేదు. అందరూ ఫ్లెక్సీనే చూస్తున్నారు.

ఇంత అవుతుందనుకోలేదు. చెప్పేస్తే? ఏమని చెప్పాలి? ఇప్పుడు చెప్తే రెండున్నర నెలలు ఎందుకు చెప్పలేదంటారు. వచ్చే నెల చెప్తే మూడున్నర అవుతుంది. రోజులు పోయేకొద్దీ నోరు ఇంకా బిగుసుకుపోతుంది.

21 సెప్టెంబర్ 2025, ఆదివారం

స్కూల్లో ఎవరో ఆడపిల్ల అడిగిందట, నీ పండ్లు మళ్ళ గట్లనే అవుతున్నయేందే అని. అది అమ్మ చెవిన పడింది. అమ్మ అక్షత గడ్డం పట్టుకుని చూసింది, నన్నూ రమ్మని కేకేసి ఆటో ఎక్కించింది.

దీక్షిత మేడం మొదట నన్నే అడిగింది, రెండుసార్లు మెసేజ్ పెట్టాం కదా అని. నెట్‌వర్క్ అన్నాను. తర్వాత రిటైనర్‌ను లైటు ముందు పెట్టి తిప్పి తిప్పి చూసింది.

"దీన్ని వేడినీళ్ళలో ఎవరు పెట్టారు?"

నేను సింకు దగ్గర నిలబడి ఉన్నాను.

కుర్చీలో పడుకునే అక్షత అన్నది. "నేనే మేడం. తెల్వక పోసిన."

అమ్మ అక్కడే కొట్టింది, నోటి మీద. "రెండేండ్లు నిన్ను ఎత్తుకొని తిరిగినట్టు తిరిగిన గదనే! ఒక్క డబ్బ సూసుకోరాదా!" అంటూ మళ్ళీ చెయ్యి ఎత్తింది. మేడం అడ్డం వచ్చింది. అక్షత పెదవి చిట్లింది. వంకర పోయిందని తెలిసి కూడా ఇన్ని నెలలు ఎట్లా వేసుకున్నావమ్మా, ఇది నువ్వు పెట్టుకున్న ప్రతిసారీ పళ్ళను పక్కకు తోసింది అని మేడం అడిగింది.

మళ్ళీ బ్రేసెస్. ఎనిమిది నెలలైనా పడుతుందట, పదైనా కావచ్చు. టెన్త్ పరీక్షలన్నీ వాటితోనే.

దారి పొడుగునా అమ్మ తిట్టింది. నేను ఫైలు పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను.

22 సెప్టెంబర్ 2025, సాయంత్రం

అక్షత మేడ మీద బట్టలు తీస్తుంటే నేనూ పోయాను. నిన్న గట్లెందుకన్నవ్ అని అడిగాను.

అది టవల్ మడుస్తూనే ఉంది. "డబ్బ వెచ్చగుండెనక్కా" అన్నది.

"ఎప్పుడు?"

"గా దినమే. తానం చేసొచ్చి తీస్తే వెచ్చగుండె. ఇంట్ల నువ్వొక్కదానివే ఉన్నవ్."

నా చేతుల్లో ఉన్న చీర కింద పడింది. తీయలేదు. తెలిసి ఎందుకు వేసుకున్నవే, పారేయకపోయినవా, అమ్మకు సూపియ్యకపోయినవా అన్నాను. అరిచాననుకుంటాను. కింద నుంచి అమ్మ ఏమైందని కేక వేసింది. ఏం లేదమ్మా అని అక్షతే చెప్పింది.

తర్వాత చిన్నగా అన్నది. "నువ్వు తీయమంటవేమో అని సూసిన. ఇయ్యాల అంటవేమో, రేపు అంటవేమో అని ఏసుకున్న. మూడుసార్లు నీ మొహంలకు సూసిన గదక్కా."

మూడుసార్లు. నేను లెక్కపెట్టలేదు. అది లెక్కపెట్టింది.

"మరి నిన్న నా పేరు చెప్పకపోయినవా" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నిజంగా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. ఏడుపొచ్చింది.

అది నన్ను ఓదార్చలేదు. మడతపెట్టిన బట్టలు చేతుల మీద పేర్చుకుంది. "చెప్తే అమ్మ నిన్ను కొడ్తది. నాయిన రెండు దినాలు మాట్లాడడు. మూడో దినం అందరం కూసొని తింటం. అయిపోతది."

మెట్ల దగ్గర ఆగింది.

"నాకు అయిపోవద్దు" అన్నది. దిగిపోయింది.

28 సెప్టెంబర్ 2025

అమ్మకు నేనే చెప్పేశాను. వంటింట్లో, నిలబడి, మొత్తం. వేడినీళ్ళు, మెసేజ్‌లు, అన్నీ. అమ్మ నమ్మలేదు. చెల్లెను తిడ్తున్నానని మీద ఏసుకుంటున్నవా, నీది గంత మంచి మనసు రాణీ అని నా తల నిమిరింది. అక్షతను పిలిచి, సూసి నేర్సుకో అక్కను అన్నది.

అక్షత నేర్చుకుంటానన్నది.

5 అక్టోబర్ 2025, ఆదివారం

మళ్ళీ బ్రేసెస్ వేశారు. ఈసారి రబ్బర్లు కూడా. పై పంటి కొక్కేనికీ కింది పంటి కొక్కేనికీ తగిలించాలి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అద్దంలో చూసి తనే పెట్టుకోవచ్చని మేడం నేర్పబోయింది.

"నాకు రాదు మేడం. మా అక్క పెడ్తది" అన్నది అక్షత.

14 అక్టోబర్ 2025, ఉదయం 7

నోరు తెరిచి నా ముందు కూర్చుంటుంది. నా వేళ్ళు దాని పళ్ళ మధ్య ఉన్నంతసేపూ కళ్ళు మూయదు.