గీత కొట్టిన మాట

3 ఫిబ్రవరి 2025, సోమవారం

ఈ రోజు షాపుకొచ్చిన ఆరుగురికీ బోల్డే కావాలి. గృహప్రవేశం ఫ్లెక్స్‌లో ఒకాయన తన పేరు పెద్దది చేయమన్నాడు. చేశాను. తన పేరు చిన్నదైపోయిందని ఆయన తమ్ముడు అలిగాడు. అదీ పెద్దది చేశాను. చివరికి ముహూర్తం టైమ్ వేయడానికి చోటు మిగల్లేదు. హిందూపురంలో పదకొండేళ్లుగా ఈ డీటీపీ పని చేస్తున్నాను. జనం మాటల్లో చెప్పలేనిదంతా సైజులో చెప్తారు.

అందుకే రైతులు పోస్టులు రాసుకునే యాప్‌లో నేను నడిపే సర్వర్‌లో ఆ పైత్యం పెట్టలేదు. పేరు ‘ఆకుమేత’. పట్టుపురుగులు పెంచే రైతులు మూడు వందల నలభై మంది ఉన్నారు. బోల్డ్ లేదు, రంగు లేదు, హెడ్డింగ్ లేదు. ఉత్త అక్షరాలు. ఈ యాప్‌కి ఓనరంటూ ఎవరూ లేరు. ఎవరి సర్వర్ వాళ్లది, ఎవరి రూల్స్ వాళ్లవి, ఒకచోట రాసింది అన్నిచోట్లా కనబడుతుంది. నా రూల్ ఇదీ.

ఇప్పుడు ధర్మవరం నుంచి ప్రమోద మొదలుపెట్టింది. ఒకప్పుడు పట్టు శాఖలో పనిచేసింది, ఇప్పుడు తన సొంత సర్వర్‌లో రైతులకు సలహాలు రాస్తుంది. తన సర్వర్‌లో అన్ని హంగులూ ఉన్నాయి. నా వైపు వచ్చేసరికి అవన్నీ రాలిపోతున్నాయట. ఫార్మాటింగ్ ఆన్ చేయమని అందరి ముందూ అడిగింది. చేయను.

4 ఫిబ్రవరి

చేయనని రాశాను. ఫుల్‌స్టాప్ పెట్టి మరీ రాశాను.

7 ఫిబ్రవరి, శుక్రవారం

ప్రమోద పదకొండు పేరాల జవాబు పెట్టింది. మంచి సలహాకి కూడా ఒక రూపం ఉండాలట, డోసు ఎంతో, ఎన్ని రోజులు ఆగాలో కంటికి కొట్టినట్టు కనబడాలట. నా పంతం కోసం రైతుల కళ్లు కట్టేస్తున్నానట. కింద డెబ్బై మంది చప్పట్లు.

నేనూ ఊరుకోలేదు. సూటిగా రాయడం చేతకానివాళ్లకే అలంకారాలు కావాలి, ఆడలేక మద్దెల ఓడు అన్నారు అని రాశాను. నాకు తొంభై చప్పట్లు. ఈ రోజంతా హాయిగా ఉంది. నేను మంచిదాన్ని కాదని ఇక్కడ రాసుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

12 ఫిబ్రవరి

పెనుకొండ నుంచి క్రాంతి కుమార్ ఫోన్ చేశాడు. సర్వర్ టెక్నికల్ పనులు నాకు అతనే చూసిపెడతాడు. బోల్డ్ పోతే పోయింది కానీ ప్రమోద కొట్టివేతలు కూడా పోతున్నాయి, అది ప్రమాదం అన్నాడు. ఆమె తప్పు రాస్తే డిలీట్ చేయదట. ఆఫీసు రిజిస్టర్లో తుడపకూడదు, గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి, ఆ అలవాటు. అక్కడ గీత కింద ఉన్న తప్పు, ఇక్కడికి గీత లేకుండా వస్తుంది. ఒక్క సెట్టింగ్ మారిస్తే చాలన్నాడు.

రిజిస్టర్ అలవాట్లు రిజిస్టర్లోనే ఉంచుకోమని చెప్పమన్నాను. సరే అక్కా అని అతను ఫోన్ పెట్టేశాడు.

19 ఫిబ్రవరి, బుధవారం, ఉదయం 11

దొరికింది! మల్బరీ తోటల్లో ఆకుచుట్టు పురుగు గురించి ప్రమోద పోస్ట్. నా సర్వర్‌లో ఇలా ఉంది: మందు కొట్టిన మూడు రోజులకు ఆకు కోయవచ్చు. మందు కొట్టిన పదిహేను రోజుల దాకా ఆకు కోయకూడదు. రెండూ పక్కపక్కనే, సవతుల్లాగా. కింద సంతకం ఒకటి.

మొదటిదాని మీద తన వైపు గీత కొట్టేసిందని నాకు తెలుసు. ఇంతకాలం నాకు పాఠాలు చెప్పింది కదా, ఇప్పుడు అందరూ నవ్వనీ. ఒక్క మాట రాస్తే సరిపోతుంది. రాయను.

21 ఫిబ్రవరి

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

22 ఫిబ్రవరి, శనివారం

క్రాంతి కుమార్ పొద్దున్నే రమ్మన్నాడు. పెనుకొండ బస్సెక్కాను. అక్కడినుంచి అతని బండి మీద, ఆకుమేతలో ఉన్న రైతు చౌడక్క ఊరికి. ఆమె ఫోన్‌లో యాప్ వేసిచ్చింది నేనే. ఆకు కోసేటప్పుడు చేతులు ఖాళీ ఉండవని, పోస్టులు ఫోనే చదివి వినిపించేలా పెట్టిచ్చిందీ నేనే.

మామూలుగా పురుగుల షెడ్‌లోకి నన్ను రానివ్వదు. నా బట్టలకు ఫ్లెక్స్ ఇంకు వాసన, పురుగులకు పడదు. పూలు పెట్టుకున్న సొంత కోడలినే బయట నిలబెడుతుంది. ఈ రోజు, కాళ్లతో రోగం లోపలికి రాకుండా వాకిట్లో సున్నం తొక్కమని కూడా అనలేదు. పో, చూసుకో అన్నట్టు తలుపు వదిలేసింది. నాలుగో జ్వరం లేచి, అంటే చివరిసారి పొర విడిచి, ఇంకో వారంలో గూళ్లు కట్టాల్సిన పురుగులు. తట్టల నిండా పచ్చగా కక్కుకొని వంకర్లు తిరిగి పడి ఉన్నాయి. పట్టుపురుగులు ఆకు తింటుంటే షెడ్‌లో చిన్న వాన పడ్డట్టు చప్పుడుంటుంది. ఆ చప్పుడు లేదు.

చౌడక్క ఏడవలేదు. నా మొహం చూసి చెప్పింది.

“ఫోను మూడు దినాలకి కొయ్యొచ్చని చెప్పె. మళ్లా పదైదు దినాలనె. నా కాడ ఆకు ల్యాకపాయ పాపా, ముందు చెప్పిందే పట్టుకుంటి. అది తప్పని ఎవరన్నా ఒగ మాట అంటారేమోనని రెండు దినాలు ఇంటానే ఉంటి. నువ్వు చూడల్యా?”

చూడలేదక్కా అన్నాను.

23 ఫిబ్రవరి

నిన్న తిరుగు బస్సులో నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో రాసుకోవాలి. ఫార్మాటింగ్ ఉన్నా లాభం ఉండేది కాదు, ఫోన్ గీతను చదవదు, కాబట్టి గెలిచింది నేనే. హిందూపురం దగ్గరపడే దాకా ఆ సంతోషంలోనే ఉన్నాను.

తర్వాత అర్థమైంది. గీత వినబడదు. మనిషి చెప్తే వినబడేది. చెప్పాల్సిన మనిషిని నేనే.

25 ఫిబ్రవరి, మంగళవారం

తప్పంతా తనదేనని ప్రమోద పోస్ట్ పెట్టింది. పోస్ట్ తీసేసి కొత్తగా రాసి ఉండాల్సింది అంది. నా పేరు ఎత్తలేదు. బోల్డ్ లేదు, హెడ్డింగ్ లేదు. మూడు వాక్యాలు. ఇంత బాగా రాయగలదని నాకు తెలియదు. అందుకు కూడా నాకు కోపం వచ్చింది.

మా వాళ్లంతా నన్ను పొగుడుతున్నారు. ఫార్మాటింగ్ వద్దని నేను ముందే చెప్పానట, నా మాటే నిజమైందట. రెండు వందల పది చప్పట్లు. క్రాంతి కుమార్ మాత్రం ఒక మెసేజ్ పంపాడు. బుధవారం పదకొండుకి ఆ పోస్ట్ నేను తెరిచినట్టు సర్వర్ లాగ్‌లో ఉందట. అంతే రాశాడు.

సెట్టింగ్ ఆన్ చేశాను. చేతులు కాలాక ఆకులు. ఇప్పుడు ఆకుమేతలో బోల్డ్ ఉంది, రంగు ఉంది, కొట్టివేత ఉంది. చౌడక్క షెడ్ ఖాళీగా ఉంది.

2 మార్చి, ఆదివారం

ఫోన్‌లోనే రాసుకునే ఈ డైరీలో 19వ తేదీ తెరిచి, చివరి రెండు వాక్యాల మీద గీత కొట్టాను. తర్వాత చౌడక్కకు పెట్టిచ్చినట్టే పెట్టుకొని, ఫోన్‌ని చదవమన్నాను.

చదివింది. ఒక్క మాట రాస్తే సరిపోతుంది, రాయను అని కూడా చదివింది.