సీనియారిటీ లిస్టులో ఇరవై మూడు

ఫిబ్రవరి 4, సోమవారం. గోర్.
లిండ్సే హేగ్ మేమున్న ఇల్లు అమ్ముతున్నాడు. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా అద్దెకున్నాం కనుక ముందు మాకే చెబుతున్నాడట. మార్చి నెలాఖరులోగా బ్యాంకు ఒప్పుకుంటే ఇల్లు మాది. లేకపోతే ఆక్లాండ్ వాళ్లెవరో కాచుక్కూర్చున్నారు. ఏం డెస్, ఈసారైనా బ్యాంకు నీ మొహం చూస్తుందంటావా అని నవ్వాడు.

1981లో బ్యాంకు బల్లకు అవతల కూర్చుని నాకు ఇంటి లోను లేదన్నది ఈ లిండ్సేనే. మాంసం ఫ్యాక్టరీలో సీజన్ పని కూడా ఒక పనేనా, టెంపరరీ మనిషికి అప్పెలా ఇస్తారయ్యా అన్నాడు. తరువాత తనే ఈ ఇల్లు కొని నాకు అద్దెకిచ్చాడు. టెంపరరీ మనిషి దగ్గర అద్దె మాత్రం పర్మినెంటుగా తీసుకున్నాడు.

ఫిబ్రవరి 6. సెలవు.
నా వయసు డెబ్బై ఏడు. అందుకని లోను మా అమ్మాయి గ్లెనిస్ పేరు మీద అడుగుతున్నాం. ఆమెదీ అదే ఫ్యాక్టరీ, కత్తి పని. ఒక చేత్తో చీజ్ రోల్ తింటూ ఇంకో చేత్తో ఫారం నింపేసింది. ఒకసారి నన్ను చూడనివ్వమన్నాను. నువ్వు నీ పుస్తకాలు చూసుకో నాన్నా, ఫారాల సంగతి నేను చూసుకుంటా అంది.

ఫిబ్రవరి 19.
బ్యాంకు కాదంది.

ఫిబ్రవరి 20.
కారణం తెలిసింది. గత ఉద్యోగాలు ఎందుకు మానేశారు అని ఫారంలో ఒక గడి ఉంది. గ్లెనిస్ నిజాయితీగా ఏటా జూన్‌కి ఎదురుగా 'లేఆఫ్' అని రాసింది. మా ఊళ్లో అందరూ అలాగే అంటారు. గొర్రెలు అయిపోతాయి, కత్తులు నూనె రాసి దాచుకుంటారు, నవంబరులో మళ్లీ పనికి రమ్మని ఫోను వస్తుంది. బ్యాంకు మాత్రం పందొమ్మిదిసార్లు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి అనుకుంది.

నేను నవ్వాను. గ్లెనిస్ నవ్వలేదు. నలభై పెట్టెల పుస్తకాలతో మనల్ని ఎవరు రానిస్తారు నాన్నా అంది.

ఫిబ్రవరి 24, ఉదయం.
వడ్డీ వ్యాపారుల మీద ఎవరో ప్రాచీనుడు తిట్టిన తిట్టు వెతుకుతూ రోమ్ చరిత్ర తెరిచాను. 2003 సీనియారిటీ లిస్టు జారిపడింది. నవంబరులో ముందు ఎవరిని పిలవాలో ఆ లిస్టే చెబుతుంది. ముందు చేరినవాడు పైన, కొత్తవాడు అడుగున. యూనియన్ కార్యదర్శిగా ఉన్నన్నాళ్లూ ఏటా ఒక ప్రతి నాకు వచ్చేది. పుస్తకాల్లో గుర్తుకు పెట్టుకునేవాణ్ణి.

అదే రోజు, సాయంత్రం.
పెట్టెలన్నీ విప్పాను. రోమ్‌లో గ్లెనిస్ నంబరు 312. గ్రీకు నాటకాల్లో 240. కవిత్వంలో 171. కవిత్వం సగంలోనే వదిలేశానని కూడా ఆ కాగితమే చెప్పింది. ఈ ఏటి లిస్టు ఫ్యాక్టరీ గోడ మీద ఉంది. గ్లెనిస్ ఫోటో తీసి తెచ్చింది. ఇరవై మూడు.

మార్చి 5.
బ్యాంకుకు వెళ్లాం. 1981 గురించి నేను మూడు పేజీలు రాసుకున్నాను. నోరు తెరవనని గ్లెనిస్ కారులోనే ఒట్టు వేయించుకుంది.

అక్కడ లోన్లు చూసేది హెదర్ టుల్లోక్ అని నడివయసు ఆవిడ. లిస్టుల మీద వేలు నడిపించుకుంటూ పోయి ఆగింది. నాలుగు వందల మందిలో ఇరవై మూడా, అయితే నిన్ను ఇంటికి పంపాలంటే ముందు ఊరంతా ఖాళీ కావాలి కదమ్మా అంది. ఆవిడ నాన్నదీ అదే ఫ్యాక్టరీ, తొమ్మిదో నంబరట. నవంబరు వస్తే వాళ్లమ్మ పిల్లల్ని ఫోను ముట్టుకోనిచ్చేది కాదట. ఇక్కడ పుట్టి పెరిగినదానివి, ఈ ఫారాలు ఆక్లాండ్‌లో చదువుతారని తెలీదా, లేఆఫ్ అని ఎలా రాశావు తల్లీ అని మందలించింది. కొత్త ఫారం తీసి తన చేత్తోనే 'సీజన్ విరామం' అని రాసి, లిస్టులన్నీ దానికి జతచేసింది.

నా మూడు పేజీలు జేబులోనే ఉండిపోయాయి. కొంచెం బాధపడ్డాను.

మార్చి 12.
కబురు లేదు. దక్షిణం నుంచి చలిగాలి.

మార్చి 21, ఉదయం 10:40.
టీ విరామంలో గ్లెనిస్ ఫోను చేసింది. ఇచ్చారు నాన్నా అంది. వెనక ఎవరో కత్తి సాన పడుతున్న చప్పుడు వినిపించింది. ఫోను పెట్టేశాక కెటిల్ మూత చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎందుకు తీశానో గుర్తు రాలేదు.

మార్చి 28.
సంతకానికి లిండ్సే వచ్చాడు. ఈ రోజు కోసం ముప్పై ఎనిమిదేళ్లుగా నేనొక వాక్యం చెక్కి ఉంచుకున్నాను. అతనికి చెవుడు వచ్చింది. సంతకం పెట్టి, ఆ రోజు నీకు ఇచ్చి ఉండాల్సింది డెస్ అన్నాడు. అవును అన్నాను. నా వాక్యం అంతకన్నా బాగుండేది. క్షమించలేదు. గ్లెనిస్ మాత్రం టీ ఇచ్చింది. చీజ్ రోల్స్ రెండు తిన్నాడు.

మే 3.
ఫ్రిజ్ మీద గ్లెనిస్ మా ఇంటి సీనియారిటీ లిస్టు అంటించింది. ఒకటి పిల్లి, రెండు తను, మూడు నేను. నా పేరు పక్కన పెన్సిల్‌తో 'టెంపరరీ' అని రాశాను. సాయంత్రానికి ఎవరో రబ్బరుతో చెరిపేశారు.