భోజన్న మెడ ఓవర్‌టైం

రాళ్లవాగు, మెట్‌పల్లి మండలం
1992 ఏప్రిల్

మా ఇంటాయన భోజన్న గారికి లస్మవ్వ దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను, అత్తమ్మ, రెండు బర్రెలు బాగున్నాం. మీరూ బాగున్నానని రాశారు కానీ మీరు పంపిన ఫొటో అలా అనడం లేదు.

ఎవరిదో కోటు వేసుకొని ఎవరిదో కారు మీద చెయ్యి వేశారు. అది సౌదీ వెళ్లిన ప్రతివాడూ చేసేదే, నేనేమీ అనను. కానీ మెడకు ఆ మఫ్లర్ ఏమిటి? రాస్ తనూరాలో ఎండకు చెప్పులు కరుగుతాయని మీరే రాశారు. అంత ఎండలో మఫ్లర్ చుట్టారంటే కింద ఏదో దాస్తున్నారు. సగం మనిషయ్యారు. కళ్లు బయటికొచ్చాయి. అత్తమ్మ ఫొటో అటూ ఇటూ తిప్పి, "గీయిన మనోడా, కారు గల్లాయనా?" అని అడిగింది.

కువైట్ లడాయి అప్పుడు మీరు ఆ సరిహద్దు ఖఫ్జీలో ఉంటే నేను రేడియో పక్కనే పడుకున్నాను. లడాయి అయిపోయి ఏడాది దాటింది. ఇప్పుడైనా నిజం రాయండి.

జవాబు కోసం పోస్టుమ్యాన్‌ను రోజూ సతాయించే
మీ లస్మవ్వ

తా.క. నా ఫొటో అడిగారు. ఫొటోలు తీసేవాడు పెళ్లిళ్లలో ఉన్నాడు, దొరకడు.

ఇంకో తా.క. అక్షరాలు వంకర పోయాయి. కోపంతో రాస్తే అలాగే వస్తాయి.


రాస్ తనూరా క్యాంపు
1992 మే

లస్మవ్వకు, భోజన్న మఫ్లర్ విప్పి రాసేది.

నీ దగ్గర దాచడం నా వల్ల కాదు. మెడ వాచింది. గుండె ఊరికే దడదడలాడుతోంది, చేతులు వణుకుతున్నాయి, ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు. ఒకరోజు చేతిలోని పానా జారి మా ముదీర్, అదే మేనేజరు, కాలి మీద పడింది. నా మెడ చూసి పంపని కంపెనీ, ఆయన కాలు చూసి నన్ను దవాఖానకు పంపింది.

అక్కడ డాక్టరు మన తెలుగాయనే, హేమసుందర్ గారు, రాజమండ్రి. "కంగారు పడకండి భోజన్న గారూ, మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుందండి. మీది అవసరానికి మించి పని చేసేస్తోంది" అన్నారు. చూశావా, కంపెనీ ఇవ్వని ఓవర్‌టైం నా మెడ చేస్తోంది. "కోస్తరా సార్?" అని అడిగాను. "కొయ్యడాలూ కుట్టడాలూ ఏం లేవండి. ఒక్క గోళీ మింగడమే. అందులో అణుశక్తి ఉన్న అయోడిన్ ఉంటుంది. అది తిన్నగా ఆ గ్రంథి దగ్గరికే వెళ్లి దాని జోరు తగ్గిస్తుందండి" అన్నారు.

మింగేశాను. కొన్నాళ్లు ఎవరి పక్కనా కూర్చోకూడదట. పళ్లెం వేరు, పడక వేరు, పిల్లలకూ కడుపుతో ఉన్నవాళ్లకూ దూరం. తర్వాత ఆ శక్తి దానంతటదే పోతుందట. అందుకని నాకు ఒక్కడికే ఒక క్యాబిన్ ఇచ్చారు. ఎనిమిది మంది గురక విన్న చెవులకు ఇప్పుడు ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇక్కడ నాతో ఉండే మన ఊరి యాదగిరి సెలవు మీద వస్తున్నాడు. వాడితో మూట పంపుతున్నాను.

నీ భోజన్న

తా.క. క్యాబిన్ చూసిన దగ్గర్నుంచి మా గదిలోని జిలానీ కూడా తన మెడ తడుముకుంటున్నాడు.


రాళ్లవాగు
1992 జూన్

భోజన్న గారికి, లస్మవ్వ దూరం నుంచి దండం పెట్టి రాసేది.

అణుశక్తి అంటే ఏమిటని బడి పంతులును అడిగాను. బాంబు అన్నాడు. ఇంకేమీ చెప్పకుండా తరగతిలోకి వెళ్లిపోయాడు. మనిషి బాంబు మింగి, ఏసీ చల్లగా ఉందని ఉత్తరం రాస్తాడా?

ఇంతలో యాదగిరి మూటతో దిగాడు. లడాయిలో విషవాయువు వస్తే ఏం చేయాలో మీరు ఖఫ్జీ నుంచి రాసిన ఉత్తరం నా పెట్టెలో ఉంది. కిటికీలకు టేపు, తలుపు కింద తడి తువ్వాలు, ముఖానికి తడిగుడ్డ. అలాగే చేశాం. యాదగిరిని వాకిట్లోనే కూర్చోబెట్టి మోదుగాకు దొప్పలో చాయ్ పోశాను. మూటను బర్రెల కొట్టంలో పెట్టించాను. "సౌదీ గాలి గిట్ల మూట గట్టి పంపిండా బిడ్డా" అని అత్తమ్మ ఒకటే గొణుగుడు. తెల్లారి బర్రెలు మామూలుగానే పాలిచ్చాయి. అప్పుడు తడిగుడ్డ కట్టుకొని విప్పాను. కంబలి బాగుంది. అత్తరు వాసన మాత్రం గుడ్డ అడ్డం వచ్చి తెలియలేదు.

నాకు భయంగా ఉంది. నవ్వుతూ రాస్తున్నాననుకోకండి. నిన్ను ఆ దేశానికి పంపినందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

లస్మవ్వ

తా.క. పైన కోపంలో "నిన్ను" అని రాశాను. కొట్టేద్దామంటే సిరా అయిపోవస్తోంది. అక్కడ కళ్లు మూసుకొని చదవండి.


రాస్ తనూరా క్యాంపు
1992 సెప్టెంబరు

లస్మవ్వకు, బాంబు కాని భోజన్న రాసేది.

ఆ మూట గోళీ మింగక ముందు కట్టింది. యాదగిరి అయితే గోళీ మొహమే చూడలేదు. పాపం వాడు తిరిగొచ్చి మొదట చెప్పిన మాట చాయ్ గురించే. రెండోది నీ గురించి. "అన్నా, వదినె మొకం జూపియ్యలే. ముసుగేస్కోని లోపల్నించే మాట్లాడింది" అన్నాడు.

నేను బాగయ్యాను. మెడ తగ్గింది, చేతుల వణుకు పోయింది, కోటు ఇప్పుడు బిగుతు. ముదీర్ కాలు కూడా నయమైంది. ఛుట్టీ మంజూరైంది. వచ్చే నెలాఖరుకు టికెట్. నేను మింగిన మందు శక్తి ఎప్పుడో పోయిందని, ఇంట్లో అందరితో కలిసి ఉండవచ్చని డాక్టరు గారు చెప్పారు.

కానీ నాలుగేళ్లకు వస్తున్నాను లస్మవ్వా. ఫొటో అడిగితే పంపలేదు. యాదగిరికి ముఖం చూపలేదు. మూటకే భయపడి కిటికీలకు టేపు అంటించిన దానివి, నన్ను గడప దాటనిస్తావా? ఈ దిగులుతో ఏసీ కింద కూడా నిద్ర పట్టడం లేదు. రమ్మంటావా, వద్దంటావా, ఒక్క మాట రాయి. వద్దంటే ఛుట్టీ మానుకుంటాను.

భోజన్న

తా.క. జిలానీని కూడా పరీక్ష చేశారు. మెడలో ఏ జబ్బూ లేదన్నారు. పాపం, క్యాబిన్ రాదని రెండు పూటలు అన్నం తినలేదు.


రాళ్లవాగు
1992 అక్టోబరు

మా ఇంటాయనకు,

రండి.

ఒక్క మాట అడిగారు, ముందు అది రాసేశాను. ఇక మిగతావి.

నా మెడ మీ మెడ కంటే ముందే వాచింది. లడాయి రోజుల్లో గుండె కొట్టుకుంటే రేడియో వార్తల వల్ల అనుకున్నాను. ఇద్దరి అన్నం తిని సన్నబడుతుంటే ఊరంతా మగని ఫికరు, దిగులు అన్నారు, నేనూ నమ్మాను. అందుకే ఫొటో లేదు, అందుకే ముసుగు. అక్షరాల వంకర కోపంది కాదు. అక్కడ లడాయి మధ్య ఉన్న మనిషికి నా మెడ గురించి ఏం రాయను?

మీ డాక్టరు మాటలు చదివితే ఆయన నన్ను చూసి చెప్పినట్టే ఉంది. అయినా ఆ బాంబు మింగి మీరేమవుతారో చూద్దామని ఊరుకున్నాను. మీరు లావయ్యారని తెలిశాక ధైర్యం వచ్చింది. మా తమ్ముడు ప్రభాకర్ హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ ఉమాదేవి గారు పరీక్షలన్నీ చేసి నాకూ అదే మందు అన్నారు. రోజు ఇచ్చారు. సరిగ్గా మీరు దిగే ముందు రోజు. మార్చమని బతిమాలాను. వరుస తప్పితే చాలా ఆలస్యమవుతుందన్నారు.

కాబట్టి వచ్చాక కొన్నాళ్లు మీ పళ్లెం వేరు, పడక వేరు. అత్తమ్మ పక్కింట్లో పడుకుంటానంది. మీరు వాకిట్లో మంచం వేసుకోండి. నేను లోపలి అర్రలో ఉంటాను. అక్కడి నుంచి మీరు, ఇక్కడి నుంచి నేను గట్టిగా మాట్లాడుకుందాం. ఊరు వింటే విననీ. రాస్ తనూరా కంటే వాకిలి దగ్గరే కదా.

ఎదురుచూసే మీ లస్మవ్వ

తా.క. దొప్పలో చాయ్ తాగడం యాదగిరి దగ్గర నేర్చుకొని రండి.

ఇంకో తా.క. ఈ ఉత్తరం మందు మింగక ముందు రాసింది. తడిగుడ్డ అక్కర్లేదు.