ఆదివారం చొక్కా

1 మార్చి 1998, ఆదివారం
ఈరోజు కూడా పోయాడు. క్వారీకి సెలవు, లారీలు లేవు, రాయి పేల్చేది లేదు. బ్లాస్టర్‌కి ఆదివారం ఏం డ్యూటీ? అడిగితే పనుందన్నాడు. పొద్దున లేచినప్పటి నుంచి రొమ్ము రుద్దుకుంటూ మొహం వేలాడేసుకుని తిరిగిన మనిషి, గుడుపల్లె బస్సెక్కి పోయి, మధ్యాహ్నానికి కొత్త పెళ్లికొడుకులా తిరిగొచ్చాడు. నాకేమీ తెలియదనుకుంటున్నాడు మా ఆయన మునిస్వామి.

2 మార్చి
పనిరోజుల చొక్కాలకి డీజిల్, రాతిదుమ్ము వాసన. ఆదివారం చొక్కాకి తియ్యటి వాసన. సబ్బు కాదు, పౌడర్ కాదు. ఉతుకుతుంటే నాకే తలనొప్పి పట్టుకుంది.
పెళ్లయిన కొత్తలో ప్రతి సోమవారం తలనొప్పితో ఇల్లు చేరేవాడు. అమృతాంజనం నేనే రాసేదాన్ని. ఏడాదిగా ఆ నొప్పే లేదు. ఇప్పుడెవరు రాస్తున్నారో.

5 మార్చి
టెన్త్ క్లాసులో నైట్రోగ్లిసరిన్ కథ చెప్పాను. మొదట తయారుచేసిన ఇటలీ ఆయన ఒక బొట్టు నాలుకకి తగిలించుకుంటే భరించలేని తలనొప్పి వచ్చిందట. కదిలిస్తే పేలే ఆ నూనెని నోబెల్ ఒకరకం మట్టిలో కలిపి డైనమైట్ చేశాడు, తర్వాత జిలెటిన్ కూడా. చివరి రోజుల్లో ఆయన గుండెజబ్బుకి డాక్టర్లు రాసిచ్చింది అదే నైట్రోగ్లిసరిన్. పిల్లలు నవ్వారు. మదనపల్లె కాలేజీలో మా లెక్చరర్ చెప్పినప్పుడు నేనూ నవ్వాను. చెబుతున్నంతసేపూ నా మనసు ఆ చొక్కా మీదే ఉంది.

8 మార్చి
మళ్లీ పోయాడు.

15 మార్చి, ఆదివారం, సాయంత్రం 4
వెనక బస్సులో నేనూ గుడుపల్లె క్వారీకి పోయాను. రాయి పేల్చే జిలెటిన్ కడ్డీలు దాచే గది తలుపు తీసి ఉంది. గడప మీద మా ఆయన. పక్కనే జయమ్మ, నీళ్లచెంబుతో. మొగుడు పోయాక ఆ గది కాపలా ఆమెకిచ్చారు. నోటికొచ్చినవన్నీ అన్నాను. జయమ్మ చెంబు గడప మీద పెట్టి లోపలికి పోయింది. ఆయన చేతిలో జిలెటిన్ కడ్డీ.
"దీన్ని రవ్వంతసేపు చేత బట్టుకుంటే రొమ్ములో పట్టు ఇడుస్తాది అమ్మే. ఇంటికాడుంటే పానం పోతాండాది. దీనికే వస్తాండాను" అన్నాడు.
సైన్స్ టీచర్ చెవిలోనే పువ్వు పెడుతున్నాడు. ఇక ఆదివారం గడప దాటనని మా పాప మీద ఒట్టు వేయించుకున్నాను.

22 మార్చి
ఇంట్లోనే ఉన్నాడు. చెమటలు కారుస్తూ మంచం మీద ముడుచుకుని పడుకున్నాడు. నటిస్తే నటించనీ.

23 మార్చి
పని నుంచి తలనొప్పితో వచ్చాడు. పాతరోజులు తిరిగొచ్చాయి. సంతోషంగా అమృతాంజనం రాశాను.

29 మార్చి, ఆదివారం, పొద్దున 11
నిన్న ఉగాది సెలవు, ఈరోజు ఆదివారం. రెండు రోజుల నుంచి ఇంట్లోనే. రొమ్ము పట్టుకుని, ఒక్కసారి పోయొస్తానంటాడు. తలుపుకి తాళం వేసి చెవి కొంగున కట్టుకున్నాను. ఒట్టంటే ఒట్టే.

31 మార్చి
ఆదివారం ఒంటిగంటకి గానీ తాళం తీయలేదు. ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి ఆయనకి మాట పోయింది. డాక్టర్ నాలుక కింద బిళ్ల పెట్టాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.
ఏం పని చేసేవాడని డాక్టర్ అడిగాడు. చెప్పాను. జిలెటిన్‌లో ఉండేదీ ఆ బిళ్లలో ఉండేదీ ఒకటే నైట్రోగ్లిసరిన్ అన్నాడు. రోజూ చేత్తో పట్టేవాళ్లకి అది చర్మంలోంచి లోపలికి పోతుందట. రక్తనాళాలు దానికి అలవాటుపడతాయట. సెలవుల్లో అందకపోతే బిగుసుకుంటాయట, సోమవారం మళ్లీ తగిలితే తలనొప్పి వస్తుందట. కాస్త ముందు తెచ్చుంటే బతికేవాడన్నాడు.
నేను చెప్పిన పాఠమే. నా మొగుణ్ణి నేనే చంపుకున్నాను.

8 ఏప్రిల్
పదకొండో రోజు. పుంగనూరు నుంచి మా అమ్మవాళ్లంతా వచ్చారు. జయమ్మ కూడా వచ్చింది. గేటు దగ్గరే నిలబడి ఏడ్చింది. లోపలికి రమ్మని పిలవాల్సింది. ఎంతసేపు ఏడుస్తుందో అని చూస్తూ కూర్చున్నాను.

12 ఏప్రిల్, ఆదివారం
డాక్టర్ చెప్పిందంతా నిజమే. కానీ జిలెటిన్ పట్టుకునేదానికి పోయే మనిషి, అద్దం ముందు నిలబడి రెండుసార్లు తల దువ్వుకోవడమెందుకు?